మిరప కుప్ప ఆపిన కారు

చేతికి కొత్తగా జీతం అందుతున్న ఆ రోజుల్లో, లోకంలో చెడిపోయిన ప్రతిదాన్నీ నేనే బాగుచేయగలనని నాకు గట్టి నమ్మకం. భద్రాచలంలో ఒక దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి ఏడాది కూడా కాలేదు. బాగుచేయడానికి లోకం చిక్కలేదు గానీ, నాన్న కారు చిక్కింది. నాన్న పాస్టరు. ఆదివారాలు దుమ్ముగూడెం అవతల అడవి పల్లెల్లో ఆరాధన జరపడానికీ, మిగతా రోజుల్లో అక్కడ ఎవరికి జ్వరమొచ్చినా, నొప్పులొచ్చినా దవాఖానాకు చేర్చడానికీ ఆ కారే దిక్కు. ఎవరెవరి చేతుల్లోనో నలిగి మా ఇంటికి వచ్చిన ముసలి కారది. బ్రేకు తొక్కితే ముందు చక్రాలు కీచుమని అరిచేవి. "అరిచినా ఆగుతున్నది గదా బిడ్డా" అనేవాడు నాన్న. (ఇంట్లో నన్ను కూడా ఆయన అదే లెక్కన భరిస్తున్నాడని నాకప్పుడు తెలియదు.)

ఒక ఆదివారం అమ్మా, నాన్నా, నేనూ ఆరాధనకు బయలుదేరాం. ఒక మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా ట్రాక్టరు నిలబడి ఉంది. నాన్న బ్రేకు తొక్కాడు. కారు అరిచింది, ఆగలేదు. "ప్రభువా!" అంటూ స్టీరింగు పక్కకు తిప్పేశాడు. కారు రోడ్డు దిగి, మెల్లగా, ఎంతో మర్యాదగా వెళ్లి, కళ్లంలో పోసిన ఎండు మిరపకాయల కుప్పలో ముక్కు దూర్చి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ ఘాటుకు మేం ముగ్గురం, పరిగెత్తుకొచ్చిన రైతు, ట్రాక్టరు డ్రైవరు ఒకరి మొహం మీద ఒకరం తుమ్ముకుంటూనే పలకరించుకున్నాం. "అయ్యగారూ, ఏంది గిట్ల జేసిండ్రు? దెబ్బలేమన్న తగిలినయా?" అని అడగడానికి ఆ రైతుకు చాలాసేపు పట్టింది. ఆ ట్రాక్టరెక్కే వెళ్లి జరిపిన ఆరాధనలో నాన్న ప్రసంగం క్షమించడం గురించి. వాక్యానికో తుమ్ము. ఏం జరుగుతుందో చూద్దామని రైతు కూడా వచ్చి ముందు వరసలోనే కూర్చున్నాడు.

కారును అదే ట్రాక్టరుతో లాగించుకుని ఇంటికొచ్చాక నాన్న అన్నాడు, "ఎట్లయితేనేం, ఆగింది గదా."

"ఆపింది మిరపకాయలు, బ్రేకులు గాదు" అంది అమ్మ.

ఆ మాటతో నాకు పట్టుదల పుట్టింది. కారు కదలకుండా ఉన్న ఆ వారమంతా ఫోన్‌లో బ్రేకుల వీడియోలే చూశాను. మా సంఘంలోనే ఉండే మెకానిక్ బాబాయి వచ్చి చక్రాలు విప్పితే, బ్రేకు ప్యాడ్లు అరిగి ఇనుము బయటపడి ఉంది. అవి పట్టుకోవాల్సిన డిస్కుల మీద నాగటి చాళ్లలా గీతలు. "ప్యాడ్లు మారుస్త. డిస్కులు లేతు మిషను మీద చెక్కిస్తే ఇంకో యేడాది లాగొచ్చు" అన్నాడు బాబాయి. నేను కొలిపించాను. డిస్కు అంచున కంపెనీ వాళ్లు వేసిన హద్దు కంటే అప్పటికే పలచబడి ఉంది. "ఇంక చెక్కితే ఏం మిగుల్తది బాబాయ్?" అన్నాను. "గా అంకెలు జర భయపెట్టనీకి రాస్తరమ్మా" అన్నాడాయన. ఇంతలో నాన్న వంగి చూసి, "ఎడమ దిక్కుది మంచిగనే ఉన్నది. కుడిది ఒక్కటే మార్చుదాం" అన్నాడు.

"ఒక్కటే మారిస్తే బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతది నాన్నా. వెనక సీట్ల నిండు చూలాలు కూసుంటది. ఆమెకేం జెప్తం, ఎడమది మంచిగనే ఉన్నదనా?"

నాన్న లేచి మోకాళ్ల మట్టి దులుపుకుంటూ తలూపాడు. మర్నాడు ఖమ్మం బస్సెక్కాను.

స్పేర్ పార్టుల దుకాణాయన, "ఏ మోడలమ్మా?" అని అడిగాడు. "తెల్లదండి" అన్నాను. (వారం రోజుల చదువు ఆ ఒక్క మాటతో గోదాట్లో కలిసింది.) ఆయన నవ్వాపుకుని కారు పేరు, ఏ ఏడాదిదో రాబట్టి మూడు రకాల ప్యాడ్ల డబ్బాలు ముందు పెట్టాడు. ఒకటి చవక, త్వరగా అరుగుతుంది. ఒకటి సిరామిక్, చప్పుడే ఉండదు. మూడోది లోహం కలిపింది. కాస్త శబ్దం చేసినా వేడికీ బరువుకూ తట్టుకుంటుంది. "అరవనిది గాదండి, ఆగేది ఇవ్వండి" అన్నాను గంభీరంగా. మూడోదాన్నీ, ఒక జత డిస్కులనూ మోసుకుని విజయగర్వంతో ఇంటికొచ్చాను. డిస్కులు పట్టలేదు. అవి పెద్ద ఇంజను బండివట, మధ్యలో గాలి సందులున్న లావువి. బాబాయి నవ్వలేదు, అటు తిరిగి స్పానర్ వెతుక్కున్నాడు, స్పానర్ చేతిలోనే ఉంది.

మళ్లీ ఖమ్మం. ఈసారి పాత డిస్కునే తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. "ఏందమ్మా గది, పెనమా?" అన్నాడు కండక్టరు. వివరించే ఓపిక లేక "అవ్" అన్నాను. దుకాణంలో పాతదీ కొత్తదీ ఒకదాని మీద ఒకటి పెట్టి, బోల్టు రంధ్రాలు కలిశాయని చూసుకున్నాకే కదిలాను.

బిగించాక బాబాయి, "కొత్తయి గదా, మొదట్ల నెమ్మదిగ తొక్కాలె" అని మరీ మరీ చెప్పాడు. కానీ నాన్న కాలికి పాత అలవాటు. ఆదివారం ఎక్కడో దూరాన కోడిని చూసి ఒంటి బరువంతా వేసి తొక్కాడు. కారు నిలబడిపోయింది. అమ్మ ఒళ్లో ఉన్న సాంబారు గిన్నె మాత్రం ఆగలేదు. కోడి మా వైపు ఒకసారి చూసి నింపాదిగా రోడ్డు దాటింది. "ఇదీ బ్రేకంటే!" అంది అమ్మ, చీర పిండుకుంటూ.

ఆ తర్వాత కొన్నాళ్లకు, జ్వరంతో ఉన్న ఒక పెద్దావిడను తీసుకొస్తుంటే, అడవి మలుపులో పశువుల మంద ఒక్కసారిగా రోడ్డెక్కింది. నాన్న బ్రేకు వేశాడు. ముందున్న ఆవుకు మూరెడు దూరంలో కారు ఆగింది, అటూ ఇటూ లాగకుండా. మంద దాటిపోయేదాకా నాన్న చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. తర్వాత మెల్లగా అన్నాడు, "రెండు దిక్కులా మార్చి మంచి పని చేసినం బిడ్డా."

'చేసినం' అన్నాడు. నేను సరిదిద్దలేదు.

ఇప్పుడు నాకూ ఒక కారుంది. మొన్న సర్వీసుకిస్తే, "మేడం, ముందు ప్యాడ్లు అయిపోయినయి, డిస్కులు గూడ చూడాలె" అని ఫోనొచ్చింది. చేతినిండా పని. "ఇంకొన్నాళ్లు నడవదా?" అనేశాను. ఆ గొంతు విని నాకే నవ్వొచ్చింది, అచ్చం నాన్నదే. అటువైపు మెకానిక్ ఏదో అనేలోపే, "ఆగండి, నేనే వచ్చి చూస్త" అన్నాను. ఆ మొండి పిల్ల ఇంకా నాలో ఎక్కడికీ పోలేదన్నమాట. కాకపోతే ఈమధ్య కాస్త ఆలస్యంగా పలుకుతోంది.