క్షయ లేని రెండు నెలలు

నరసాపురం దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. దగ్గేవాళ్ళ కళ్ళె మైక్రోస్కోపు కింద పెట్టి క్షయ క్రిములున్నాయేమో చూడడం నా పని. కరోనా రాగానే ముక్కుల్లో పుల్లలు పెట్టే పనికి మార్చారు. మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పేశాం.

ఊళ్ళో ఎవరికీ దగ్గు లేదు. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి అడిగితే, తలుపు సందులోంచి "మాకేం లేదండీ" అని చెప్పి, లోపలికెళ్ళి దగ్గేవారు.

నెలాఖరు రిపోర్టులో క్షయ కేసులు సున్నా అని పంపాను. పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

"ఒక్క కేసూ లేదేంటండీ! బాగా కంట్రోల్ చేశారు."

"కంట్రోల్ కాదండీ. పరీక్షలే చెయ్యలేదు."

"అలాగా. వచ్చే నెల కూడా టైముకి పంపండి."

పంపాను. అదీ సున్నాయే.

లేసు అల్లే ఒకావిడ ఆ రెండు నెలల్లో రెండుసార్లు, మూడో నెల రాగానే మరోసారి కరోనా పరీక్షకి వచ్చింది. ప్రతిసారీ నెగెటివే. మొదటి రెండుసార్లూ దండం పెట్టి వెళ్ళిపోయింది. మేమూ సంతోషించాం. మూడోసారి మాత్రం కదల్లేదు. జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది.

"నాకు కరోనా లేదన్నారు కదండీ మేడమ్. మరి ఈ దగ్గేంటండీ?"

అది అడగాల్సింది నేను. చిన్న డబ్బా ఇచ్చి, మర్నాడు పొద్దున్నే కళ్ళె పట్టి తెమ్మన్నాను. తెచ్చింది. మైక్రోస్కోపు దుమ్ము దులిపి చూస్తే క్షయ క్రిములు ఎర్రగా, గుంపులుగా ఉన్నాయి.

"ఇంట్లో ఇంకెవరైనా దగ్గుతున్నారా అమ్మా?"

"మా అత్తగారండీ. బయటికి వినపడకుండా దిండులో మొహం పెట్టుకుంటారు."

ఎప్పట్నించీ అంటే, కరోనాకి ముందు నించే అంది. అత్తగారి కళ్ళె కూడా తెప్పించి చూస్తే, ఆవిడకీ క్షయే. ఇద్దరికీ మందులు మొదలెట్టాం. ఆ నెల రిపోర్టులో రెండు అని రాశాను. కేసులెందుకు పెరిగాయో సంజాయిషీ అడిగారు. పరీక్ష చేశామని రాసిచ్చాను.

ఆరు నెలలకి కోడలు తేరుకుంది. మళ్ళీ లేసు పట్టుకుంది. అత్తగారికి కూడా రోగం తగ్గింది గానీ, ఊపిరితిత్తులు అప్పటికే సగం పాడయ్యాయి. ఇప్పుడు రేవు దాకా నడవాలంటే మధ్యలో రెండుచోట్ల కూర్చుంటుంది. దారిలో కనిపిస్తే, "మీ చలవేనండీ" అంటుంది. మొదటిసారి వచ్చినప్పుడే కోడల్ని నేను దగ్గు సంగతి అడగలేదని ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు.