చదివాక ఏం చేశారు?

వాల్వు మావయ్య పేపరు చదవడు. టీవీలో వార్తలు మొదలైతే లేచి వెళ్లి కాళ్లు కడుక్కొస్తాడు. ఎన్నికలొచ్చాయని గోడల మీద రంగు మారితే గానీ ఆయనకు తెలియదు. ఎక్కడో తుఫాను వచ్చిందట అని ఎవరైనా అంటే, "మన నీళ్ల లైనుకేం కాలేదు కదా" అని అడుగుతాడు. కాలేదంటే ఆ తుఫాను సంగతి అక్కడితో సరి.

అలాగని ఏమీ తెలియని మనిషి కాదు. పట్టణంలో తూర్పు వైపు వీధులకు ఇరవై ఆరేళ్లుగా నీళ్లు వదిలేది ఆయనే. వాల్వు తిప్పే నడుమెత్తు ఇనప తాళం ఒకటి సైకిలుకు కట్టుకుని రోజు విడిచి రోజు తెల్లవారుతూనే వస్తాడు. వీధి మధ్యలో మూత ఎత్తి, తాళం లోపలికి దించి, పదకొండు చుట్లు తిప్పుతాడు. అరవై రెండిళ్ల కుళాయిలు గొంతు సవరించుకుంటాయి. పన్నెండో చుట్టు తిప్పితే వీధి చివరి ఇంట్లో కుళాయి ఊడి గోడకు తగులుతుంది. తొమ్మిదితో ఆపితే మేడ మీదవాళ్లు తిట్లు లంకించుకుంటారు. ఇదంతా ఏ కాగితంలోనూ లేదు. ఆయన మణికట్టులో ఉంది. ఆయన పేరు మటుకు మున్సిపాలిటీ ఆఫీసు కాగితాల్లో ఉంది, దాంతో వీధికి పని పడలేదు. ఆయన కంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా మావయ్యా అనే పిలుస్తారు.

వార్తలంటే ఆయనకు మొదటినుంచీ పడదనుకుంటే పొరపాటు. ఒకప్పుడు సైకిలు హ్యాండిలుకు చిన్న రేడియో వేలాడేది. ఎక్కడో దూరదేశంలో ఒక గని కూలి పద్నాలుగు మంది లోపల చిక్కుకుపోయారని ఒక రోజు రేడియో చెప్పింది. ఆ పద్నాలుగు మందీ మావయ్య బుర్రలో కాపురం పెట్టారు. లోపలికి గాలి గొట్టం దించారట, ఒకతను పాట పాడాడట, మళ్లీ మట్టి జారిందట. అన్నం ముందు కూర్చుని కూడా వాళ్లకు నీళ్లెలా పంపుతున్నారో ఆలోచించేవాడు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున మూత పక్కన గొంతుక్కూర్చుని, చెవి రేడియోకు ఆనించి, తిప్పిన వాల్వు మూయడం మరిచిపోయాడు. బజారులో పరుపుల కొట్టు గిడ్డంగి నీళ్లతో నిండిపోయింది. నలభై దూది పరుపులు తడిసి ఏనుగుల్లా ఉబ్బి, తలుపు తీయగానే ఒకదాని మీద ఒకటి వీధిలోకి దొర్లాయి. ఆ పూటే రేడియో విప్పేసి అటకెక్కించాడు. ఆ పద్నాలుగు మంది బయటపడ్డారో లేదో ఆయనకు ఇప్పటికీ తెలియదు. చెప్పబోయిన వాళ్ల ముందు చెవులు మూసుకున్నాడు.

చెప్పబోయిన వాళ్లలో మొదటివాడు ఆయన బావమరిది. జిరాక్సు కొట్టు నడుపుతాడు. పది గంటలయ్యేసరికి మూడు పేపర్లు నమిలేసి, వచ్చిన ప్రతివాడి చెవిలో కాస్త కాస్త ఊస్తుంటాడు.

"పెద్ద మనిషన్నాక లోకంలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలి బావా. అదొక బాధ్యత."

"తెలుసుకుని?"

"తెలుసుకుని ఏంటి? తెలుసుకోవాలంతే!"

"సరే, నువ్వు తెలుసుకుంటున్నావు కదరా. మన కుటుంబానికి ఒకడు చాల్లే."

పదమూడేళ్లు ఈ మాటలు నవ్వులాటగానే నడిచాయి. ఒక శుక్రవారంతో నవ్వు ఆగింది.

ఆ వారం మురుగు పైపు ఒకటి పగిలి, తూర్పు లైనుకు నీళ్లిచ్చే బోరులో కలిసింది. పరీక్షలో బయటపడింది. మళ్లీ చెప్పేదాకా ఆ లైనుకు నీళ్లు వదలబోమని, ఇళ్లలో ఉన్నవి కాచుకుని తాగమని ఆఫీసు వాళ్లు పేపరుకు ప్రకటన పంపారు. గురువారం అయిదో పేజీలో, కింద కుడివైపు వచ్చింది. ఊరందరికీ చెప్పేశామని ఆఫీసు చేతులు దులుపుకుంది. ఊళ్లో వాల్వు తిప్పే మనిషి కూడా ఉంటాడనీ, ఆయనకు విడిగా చెప్పాలనీ ఎవరికీ తోచలేదు. చెప్పాల్సిన మేస్త్రీ సెలవులో ఉన్నాడు. శుక్రవారం తెల్లవారుతూనే మావయ్య వచ్చి, మూత ఎత్తి, పదకొండు చుట్లు తిప్పాడు.

శనివారం సాయంత్రానికి తొమ్మిది మంది మంచం పట్టారు. ఇంట్లో కూర్చుని చొక్కాలకు బొత్తాలు కుట్టే ఒకావిడ ఉంది, వీధంతా బొత్తాలక్క అంటారు. వాళ్ల చెల్లెలికి వాంతులు ఆగక ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. మావయ్య సైకిలు వీధిలోకి రాగానే జనం చుట్టుముట్టారు.

"పేపర్లో వచ్చింది కదయ్యా! అంత పెద్ద అక్షరాల్లో!"

"కళ్లున్నది దేనికి మావయ్యా?"

"ఈ రోజుల్లో కూడా వార్తలు చూడని మనిషుంటాడా!"

చదివినవాళ్లకు కోపం ఎక్కువ వచ్చింది. చదవనివాళ్లు కడుపు పట్టుకుని ఇళ్లలోనే ఉన్నారు.

ఆ రాత్రికే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, మంగళవారం హాజరై సంజాయిషీ ఇచ్చుకోవాలని. తాళం అక్కడే అప్పగించమన్నారు. ఉద్యోగానికి ఇంకా నాలుగేళ్లుంది. అది పోతే, నీళ్ల చప్పుడు వినకుండా తెల్లవారడం ఎలాగో ఆయన ఊహకు అందలేదు. కానీ ఆయన్ను ఎక్కువ తినేసింది ఇంకోటి. తప్పు తనదేనా? తనదే అయితే, ఎక్కడ?

"తప్పయిపోయిందని కాళ్ల మీద పడండి. అన్నీ అయ్యాక ఇప్పుడు మీకు పరిశోధన కావాల్సొచ్చిందా?" అంది భార్య.

"నాకెవరూ చెప్పలేదు అని ఒక్క ముక్క రాయి బావా. కొండంత కోర్టైనా కేసు కొట్టేస్తుంది" అన్నాడు బావమరిది. "నీకు చెప్పడం ఆఫీసు పని."

"నువ్వు చదివావురా ఆ ప్రకటన?"

బావమరిది కాసేపు జిరాక్సు మిషను మూత తుడిచాడు. "చదివాను."

"ఆ లైను మీద ఉన్నది నేనేనని తెలుసుగా?"

"తెలుసు. నీకు... ముందే తెలిసి ఉంటుందనుకున్నా."

ఈ జవాబు మావయ్యకు కోపం తెప్పించలేదు. వింతగా అనిపించింది. పైపులో గాలి చేరినప్పుడు ఎక్కడ చేరిందో వెతికినట్టు, దీన్నీ వెతకాలనిపించింది. ఆదివారం పొద్దున చొక్కా మార్చుకుని, తాళం లేకుండా వీధిలోకి వెళ్లాడు. అరవై రెండిళ్లలో పేపరు వేయించుకునేవి పంతొమ్మిది. పంతొమ్మిది తలుపులూ తట్టాడు. దెబ్బలాటకొచ్చాడని కొందరు గొళ్లెం మీద చేయి వేసుకునే మాట్లాడారు.

"చదివాక మీరేం చేశారో కనుక్కుందామని వచ్చానండీ. అంతే."

రిటైరైన గుమాస్తా గారు గర్వంగా పేపరు తెచ్చి చూపించారు. ప్రకటన కింద ఎర్ర పెన్సిలుతో గీత.

"చూశావా? నేను ఏదీ వదలను."

"గీత గీశాక?"

"గీశాక మడిచి పెట్టాను. మా ఇంటికి రెండు డబ్బాల నీళ్లు తెప్పించుకున్నాను."

"పక్కింటి వాళ్లకు చెప్పారా?"

"వాళ్లకూ పేపరొస్తుందిగా!"

పక్కింటివాళ్లకు పేపరొస్తుంది కానీ వాళ్లు ఆటల పేజీ తీసుకుని మిగతాది అలమరలో పరుస్తారు. కాలేజీలో పాఠాలు చెప్పే మేడమ్ ఆ ప్రకటనను ఫోటో తీసి, 'ఇదీ మన పాలన' అని రాసి వీధి గ్రూపులో పెట్టింది. ముప్పై రెండు మంది బొటనవేలు ఎత్తారు. కోపం బొమ్మలు పదకొండు.

"ఆ గ్రూపులో నేను లేనమ్మా."

ఆవిడ ఫోను కిందికీ పైకీ జరిపి చూసింది. "అవును... మిమ్మల్ని చేర్చాలని ఎవరికీ తట్టలేదు మావయ్యా." ఆమె మొహం నిజంగానే చిన్నబోయింది. మావయ్యే, పోనీలే తల్లీ అన్నాడు.

ఇలా పన్నెండు ఇళ్లయ్యాయి. పదమూడో ఇంటి మేడ మీది కుర్ర దంపతులు మాత్రం వేరే మాట చెప్పారు.

"గురువారమే చదివాం మావయ్యా. రాత్రి నీళ్లు కాచుకున్నాం కూడా. పొద్దున్నే కుళాయి వచ్చింది. మీరు వదిలారంటే బాగైపోయి ఉంటుందిలే అని పట్టేసుకున్నాం."

"పేపర్లో వదలబోమని ఉంది కదా అమ్మా, అనుమానం రాలేదా?"

"పేపరు నిన్నటిది. నీళ్లు ఇవాళ్టివి కదా" అంది ఆ పిల్ల.

వీధిలో చదివినవాళ్లు ఉన్నారు, గీత గీసినవాళ్లు ఉన్నారు, లోకానికి చాటినవాళ్లు ఉన్నారు. వాళ్లు చదివినదాన్నంతా తన పదకొండు చుట్లు చెరిపేశాయి. ఇది ఆయనకు కొత్త సంగతి. ఇరవై ఆరేళ్లుగా తను నీళ్లు వదులుతున్నాననే అనుకున్నాడు. రోజు విడిచి రోజు వీధికి ఒక కబురు కూడా చెబుతున్నాడని అనుకోలేదు.

చివరికి బొత్తాలక్క ఇంటికి వెళ్లాడు. ఆమెకు పేపరు రాదు. జాబితాలో లేని ఇల్లే, కానీ చెల్లెల్ని చూడకుండా వెళ్లడానికి కాళ్లు రాలేదు. ఆ పొద్దునే ఆసుపత్రి నుంచి వచ్చిన ఆ అమ్మాయి గోడకు చేరబడి గంజి తాగుతోంది, కళ్లు లోపలికి పోయాయి. అక్క ఒళ్లో చొక్కాల కుప్ప, నోట్లో దారం. ఆయన్ని చూసి లేవలేదు.

"ఇల్లిల్లూ తిరుగుతున్నారట. అందరి తప్పులూ తేలాయా?"

"తప్పులు కాదమ్మా. తెలిసి కూడా ఎందుకాగిపోయారో తెలుసుకుందామని."

"నాకైతే తెలీదు మావయ్యా. తెలుసుకునే తీరికా లేదు. రోజుకు మూడు వందల బొత్తాలు. పేపరు కొన్నా కింద పరుచుకుని దాని మీద కుట్టడమే." దారం పళ్లతో తెంపింది. "నాకు ఆ బోరు సంగతి అక్కర్లేదు. ఏ దేశంలో ఏమైందో అక్కర్లేదు. కుళాయిలో నీళ్లొస్తే మీరొచ్చి చూసి వదిలారనుకుంటా. నేను తెలుసుకోనక్కర్లేకుండా ఉన్నది మీరుండబట్టే కదా? మీరూ తెలుసుకోకపోతే ఇంక ఎవరు?"

నాకు చెప్పలేదమ్మా అన్న మాట మావయ్య నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చింది గానీ, 'మీరడిగారా' అని ఆమె అంటుందని ముందే వినబడింది. ఇరవై ఆరేళ్లలో ఒక్క పొద్దున కూడా ఆయన అడగలేదు. మూత ఎత్తడం, తిప్పడం. మనసు పైపు మీదే పెట్టానని గొప్పగా చెప్పుకున్నాడు. పైపులో ఏం వస్తోందో అడగకుండా పైపు మీద మనసు పెట్టడమేంటని ఆయనకు ఇప్పుడే అనిపించింది.

మంగళవారం ఇంజినీరు గది. చిన్న గది, ఫైళ్ల వెనక ఒక కిటికీ. ఇంజినీరు చెడ్డవాడు కాదు. కాగితం టైపు చేయించి సిద్ధంగా పెట్టాడు. పత్రికా ప్రకటన ద్వారా సిబ్బంది అందరికీ తెలియజేయబడింది, నేను చూసుకోలేదు, మన్నించగలరు. కింద సంతకానికి ఖాళీ.

"సంతకం పెట్టు. హెచ్చరికతో వదిలేస్తారు. బోరు బాగవగానే తాళం తీసుకుని పనిలోకి రా."

"మీరు చదివారా సార్, పేపర్లో?"

"నేనే కదయ్యా పంపింది!"

"పంపారు సార్. వచ్చింది చదివారా?"

ఇంజినీరు పెన్ను మూత తీసి పెట్టాడు, మళ్లీ తీశాడు. "ఏ పేజీలో వచ్చిందో కూడా నాకు తెలీదు. అయితే ఏంటి?"

"ఏం లేదు సార్. ఊరికే అడిగాను."

నిజంగానే ఊరికే అడిగాడు. వెటకారం ఆయనకు చేతకాదు. జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. రాత నాలుగే వాక్యాలు: 'ఎవరూ నాకు చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. రెండూ నిజం. ఇకమీదట ఎవరో ఒకరు చెబితే గానీ తిప్పను.'

ఇంజినీరు రెండుసార్లు చదివాడు. "ఇది ఫైల్లో పెడితే మొదటి వాక్యానికి నేను పోతాను, రెండో వాక్యానికి నువ్వు పోతావు. ఆలోచించుకో."

"ఆలోచించుకునే రాశానండీ."

ఇద్దరూ పోలేదు గానీ ఇద్దరికీ తగిలింది. ఇంజినీరుకు మెమో. మావయ్యకు రెండు నెలలు సస్పెన్షను. ఇంట్లో భార్య మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు మాట్లాడి మూడు రోజుల బాకీ కలిపి తీర్చుకుంది. బావమరిది మాత్రం గెలిచినవాడిలా రోజూ పేపరు తెచ్చిచ్చాడు. మావయ్య అయిదో పేజీ ఒక్కటే తీసి, జ్వరం చూసినట్టు చూసి, మడిచి తిరిగిచ్చేవాడు.

"మొదటి పేజీ చూడవా? ప్రపంచం తలకిందులవుతోంది బావా!"

"అవనీరా. దాని వాల్వు నా చేతిలో ఉంటే చెప్పు, చదువుతా."

రెండు నెలలు వీధి ట్యాంకరు నీళ్లతో నెట్టుకొచ్చింది. ఆ తర్వాత, బోరు బాగుచేసి పరీక్షలన్నీ అయ్యాక, తాళం మళ్లీ చేతికొచ్చింది. మొదటి రోజు తెల్లవారుతూనే వీధి మధ్యలో సైకిలు ఆపి, మూత ఎత్తి, తాళం దించాడు. తిప్పలేదు. ఫోను తీసి ఆఫీసుకు చేశాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. బకెట్లు బయటికొచ్చాయి. ఒక్కో గుమ్మంలో ఒక్కో తల.

"ఏం మావయ్యా, చుట్లు మరిచిపోయారా?" అని మేడ మీంచి కుర్రవాడు నవ్వాడు.

"ఎత్తడం లేదు" అన్నాడు ఆయన ఫోను చూపిస్తూ.

"వాళ్లెప్పుడెత్తారు గనక! ఆఫీసుకు పొద్దెక్కుతుంది, మా పనులకు తెల్లారిపోయింది!"

గుమాస్తా గారు పేపరు పట్టుకుని గేటు దాకా వచ్చారు. అయిదో పేజీ తెరిచి గాలిలో ఊపారు. "అంతా చూశాను! ఇవాళ ఏమీ రాలేదు! తిప్పవయ్యా!"

నాలుగు వైపుల నుంచీ "తిప్పండి, తిప్పండి" అన్నారు. బొత్తాలక్క బకెట్టుతో గుమ్మంలో నిలబడింది. మావయ్య వైపు చూసి, "పట్టుకోవచ్చా?" అని మాత్రం అడిగింది.

"ఆగమ్మా. ఇంకా కనుక్కోలేదు."

ఆమె బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. మావయ్య ఒక చేయి తాళం మీద ఉంచి, రెండో చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, మూడోసారి మోగుతుంటే విన్నాడు.