మన పైసలల్ల ఎంత

కెనడాలోని సర్రీలో చదువుకుంటూ నేను పనిచేసింది ఒక గ్యారేజీలో. అది కార్ల గ్యారేజీ కాదు, ఆంటీ పచ్చళ్ళ గ్యారేజీ. ఆంటీది గుంటూరు. ఇరవై ఏళ్ళ కిందట వచ్చారు. అద్దె వంటగదిలో పచ్చళ్ళు పెట్టించి, ఇంటి గ్యారేజీలో సీసాలకు లేబుళ్ళు అంటించి, వెబ్‌సైట్లో అమ్మేవారు. నాకు వారానికి మూడు రోజుల పని. లేబుళ్ళూ పార్సిళ్ళూ కాక వెబ్‌సైట్ చూసుకోవడం కూడా నా బాధ్యతే. కాలేజీలో నేర్చుకుంటున్నది అదే కాబట్టి, మూడు పనుల్లోకీ నేను పరువుగా చెప్పుకోగలిగింది అదొక్కటే.

ఒకసారి సియాటిల్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, ఆవకాయ ఇంత ఖరీదా అని ఆంటీని దులిపేసింది. ఆవిడ మా కెనడా డాలర్లను అమెరికా డాలర్లు అనుకుంది. ఎవరి డబ్బులో వాళ్ళకు ధర కనిపించేలా చేయమన్నారు ఆంటీ. రెండు రోజులు కూర్చుని చేశాను. ఫోన్ ఏ దేశంలో ఉందో చూసుకుని సైటు ఆ దేశపు ధర చూపిస్తుంది. లండన్ వాళ్ళకు పౌండ్లు, అమెరికా వాళ్ళకు వాళ్ళ డాలర్లు. రెండు వారాల్లో ఆర్డర్లు పెరిగాయి. ఆంటీ సంతోషపడి నాకో గోంగూర సీసా ఇచ్చారు. నాకు మాత్రం పెద్దగా సంతోషం అనిపించలేదు. ఆ చలికాలం నాకు ఏదీ పెద్దగా అనిపించేది కాదు. లేచేదాన్ని, బస్సెక్కేదాన్ని, క్లాసులో కూర్చునేదాన్ని, లేబుళ్ళు అంటించేదాన్ని, పడుకునేదాన్ని.

ఆ సీసా మూత తీయలేదు. పద్దెనిమిది డాలర్లది. అరవైతో గుణిస్తే వెయ్యీ ఎనభై రూపాయలు. వెయ్యీ ఎనభై రూపాయల గోంగూర ఎవరైనా తింటారా? మంచం కింద పెట్టాను.

మేం అద్దెకుండే బేస్‌మెంట్లో ఆరుగురం అమ్మాయిలం. అందరిదీ ఇదే జబ్బు. షాపులో ఏ వస్తువైనా చేతిలోకి తీసుకోవడం, అరవైతో గుణించడం, తిరిగి పెట్టేయడం. మంచు బూట్లు నేను రెండుసార్లు తొడుక్కుని చూసి రెండుసార్లూ అక్కడే వదిలేసి వచ్చాను. కాన్వాస్ బూట్లతోనే తిరుగుతుంటే కాలివేళ్ళు ఉన్నాయో లేదో తెలిసేది కాదు.

అప్పుడే నాకో అతి తెలివి పుట్టింది. లండన్ వాళ్ళకు పౌండ్లు చూపిస్తున్నాం సరే, మరి మా సంగతి? ఉండేది కెనడాలో అయినా మా డబ్బు రూపాయలే కదా. ఆంటీని అడగకుండానే, కెనడాలో చూసేవాళ్ళకు డాలర్ల ధర కింద చిన్న అక్షరాలతో రూపాయల ధర కూడా పెట్టాను. మాలాంటి స్టూడెంట్లకు గుణించే శ్రమ తప్పుతుందనుకున్నాను.

స్టూడెంట్ల ఆర్డర్లు శుక్రవారం వచ్చేవి. ఆ శుక్రవారం ఒక్కటీ రాలేదు. తర్వాతి శుక్రవారమూ అంతే. సగంలో వదిలేసిన కార్టులు మాత్రం బోలెడు కనిపించాయి. వాటిలో ఒకటి రోజూ సాయంత్రం వచ్చేది. అదే అడ్రసు, అదే గోంగూర సీసా. డబ్బు కట్టే పేజీ దాకా వచ్చి ఆగిపోయేది. వరసగా ఐదు రోజులు.

పేమెంటు చెడిపోయిందేమోనని ఆంటీ తన ఫోన్లో సైటు తెరిచారు. కాసేపు చూసి, ఫోన్ నా ముందు పెట్టారు.

"కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందమ్మాయ్. ఈ రేటు చూస్తే నేనే కొనను."

కోప్పడలేదు. నెలాఖరులోగా స్టూడెంట్లు తిరిగి రాకపోతే సైటు మూసేసి, పాతరోజుల్లోలా ఫోన్లో ఆర్డర్లు రాసుకుంటానన్నారు. అలాగైతే నాతో పనుండదని కూడా అన్నారు. ఆ పని దొరకక ముందు నేను మాల్ మొత్తం రెజ్యూమె పట్టుకుని తిరిగాను, ఎవరూ పిలవలేదు. అది పోతే అద్దె కట్టలేను. భయం వేయాల్సిన సమయం. వేయలేదు. లేబుళ్ళ చుట్ట పక్కన పెట్టి ఆ రూపాయల లైను తీసేశాను. నిమిషం కూడా పట్టలేదు.

శుక్రవారం ఆర్డర్లు వచ్చాయి. సీసా అదే, ధర అదే, కొనేవాళ్ళూ వాళ్ళే. రోజూ ఆగిపోయే ఆ గోంగూర కార్టు కూడా చివరిదాకా వెళ్ళింది. అడ్రసు మా ఇంటికి మూడు వీధుల అవతలే. పోస్టు ఖర్చెందుకు, వెళ్తూ ఇచ్చేయమన్నారు ఆంటీ.

ఇంటి పక్కనుంచి దిగితే బేస్‌మెంట్ తలుపు. నైటీ మీద జాకెట్ వేసుకున్న ఒక అమ్మాయి తీసింది. నాకంటే చిన్నది. లోపల కుక్కర్ కూస్తోంది. సీసాను రెండు చేతులతో తీసుకుని కాసేపు చూసుకుంది.

"అక్కా, ఇది మన పైసలల్ల ఎంతైతది? మొన్నటిదాంక కింద రాసుండె. ఇప్పుడు కనబడ్తలేదు, నాకు యాదిల లేదు."

వెయ్యీ ఎనభై. నాలుక చివరే ఉంది. చెబితే ఆ సీసా కూడా ఏదో ఒక మంచం కిందికి చేరుతుంది. ఆ తర్వాత ఆర్డర్ ఉండదు. నా ఉద్యోగం కోసం అబద్ధం చెప్పానో, ఆ పిల్ల కోసం చెప్పానో ఈరోజుకీ తేల్చుకోలేదు.

"తెలీదమ్మా. నాకు లెక్కలు రావు," అన్నాను.

ఆ అమ్మాయి ముఖం తేటపడింది.

"మంచిదే అక్కా. తెల్వకుంటెనే తింట."

ఇంటికి వెళ్ళి, బూట్లయినా విప్పకుండా మంచం కింది సీసా తీశాను. మూత బిగుసుకుపోయింది, చున్నీ చివర చుట్టి తిప్పాను. పొద్దుటి చల్లన్నంలోనే కలుపుకున్నాను. రెండో ముద్దకు ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను. కారం ఎక్కువైందనుకుని రూమ్మేట్ గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.