సెలూన్ క్యాలెండర్లో గుర్రం కారు

తొంభైల్లో ఒక ఉదయం, తణుకు సెలూన్లో గడ్డం గీయించుకుంటున్నాను. పక్కనున్న పంక్చరు షాపు ముందు పొడుగు ముక్కున్న ఎర్ర కారు ఒకటి ఆగింది. దానికి రెండే తలుపులు. పేరు తాలూకు అక్షరాలు ఊడిపోయి, ముందు జాలీలో పరుగెత్తే గుర్రం బొమ్మ మాత్రం మిగిలింది.

ముఖాన నురగతోనే వెళ్లి ఏ కారని డ్రైవర్ని అడిగాను.

"నాకూ తెలీదండి. సినిమా షూటింగుకి తీసుకెళ్లమన్నారంతే."

నా వెనకే వచ్చిన సెలూనాయన, "మన పాత క్యాలెండర్లో కారేనండి ఇది," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పదేళ్లుగా వారానికి రెండుసార్లు ఆ బొమ్మని చూస్తున్నవాణ్ణి. "కాదు. మన గుర్రం కుడివైపు పరిగెడుతుంది, ఇది ఎడమవైపు వెళ్తోంది. స్టీరింగు కూడా అటుదిటుంది. ఇదేదో డూప్లికేటు," అని తేల్చేశాను. డ్రైవరు ముఖం చిన్నబోయింది.

సెలూనాయన లోపలికెళ్లి, కుర్చీ వెనక గోడకున్న క్యాలెండరు తెచ్చి కారు పక్కన పట్టుకున్నాడు. గుర్రం ఎడమవైపే పరిగెడుతోంది. స్టీరింగు కూడా ఎడమవైపే ఉంది. కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో పేరుంది: ఫోర్డ్ మస్టాంగ్, 1967 మోడల్. పదేళ్లూ నేను చూసింది అద్దంలో బొమ్మని.

డ్రైవరు ఆ పేరు రెండుసార్లు పలికి మురిసిపోయాడు.

"ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదేంటండి?" అన్నాడు సెలూనాయన, నవ్వాపుకుంటూ.

"పీక మీద కత్తి పెట్టి కదలొద్దంటావు. ఎలా తిరగమంటావయ్యా?" అన్నాను.