దారం కంపెనీ షేర్లు

మా వీధిలో బాబాయి గురించి ఒక మాట తిరుగుతోంది. బట్టలు కుట్టుకునే మనిషి, ఎవరూ ముట్టుకోని చవక షేర్లు కొని, ఏళ్ల తరబడి గుండె రాయి చేసుకుని కూర్చున్నాడట. ఇప్పుడు మూడింతలు చేతికొచ్చాయట. ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చినవాళ్లు కూడా "ఓపికంటే మాస్టారిదే" అనేసి పోతున్నారు.

నేను ఆ కొట్లోనే తెర వెనక కూర్చుని కాజాలు కుడతాను. తొమ్మిదిలో నా చదువు ఆగిపోతే పిన్ని తన దగ్గరికి తెచ్చుకుంది. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. తెర సందులోంచి చూస్తూ ఉంటాను.

ఒక కంపెనీ దారమంటే బాబాయికి ప్రాణం. మిషను ఎంత వేగంగా తొక్కినా తెగదు. ఆ కంపెనీ షేరు దారపు రీలు కంటే చవగ్గా ఉందని తెలిసిన రోజు ఆయన కాలు నేల మీద నిలవలేదు.

"ఇంత గట్టి దారం చేసేవాళ్లు మునుగుతారా?" అన్నాడు.

కంపెనీకి అప్పులున్నాయా అని ఎవరినీ అడగలేదు. గుడ్డ నాణ్యం వేళ్లతో చూసే అలవాటు కదా, షేరునూ అలాగే చూశాడు. పిన్ని మోకాలి ఆపరేషన్‌కి దాచినదంతా అందులో పెట్టేశాడు.

"కొన్నాళ్లు ఆగు, రెండు మోకాళ్లూ చేయిద్దాం."

"ముందు ఒకటి చేయించండి మహానుభావా," అంది పిన్ని.

కొద్ది రోజులకే ఫ్యాక్టరీ మూతపడింది. బాబాయి పొద్దున్నే మిషనుకి నూనె వేయకముందే ఫోను తీసి, షేర్లన్నీ అమ్మకానికి పెట్టేవాడు. సాయంత్రానికి అవి అలాగే ఉండేవి. అందరూ అమ్మేవాళ్లే, కొనేవాడు లేడు. ధర రోజురోజుకీ దిగజారింది. చివరికి ఆ షేరు కొనడం, అమ్మడం రెండూ ఆపేశారు.

ఇల్లు కొట్టు పైనే. పిన్ని మెట్లు దిగే చప్పుడు వినపడితే బాబాయి మిషను ఇంకా గట్టిగా తొక్కేవాడు. కొంతకాలానికి ఆమె ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ దిగడం మొదలుపెట్టింది. ఆయన తల వంచుకునే ఉండేవాడు.

ఏళ్లు గడిచాక ఎవరో ఆ కంపెనీని కొన్నారు. షేరు మళ్లీ అమ్మకానికి వచ్చిన మొదటి పొద్దునే బాబాయి మొత్తం అమ్మేశాడు. మంచి ధరే పలికింది. వీధికి తెలిసింది అంతవరకే. వాళ్లు పొగుడుతుంటే ఆయన టేపు మెడలో వేసుకుని నవ్వి ఊరుకునేవాడు.

మొన్న ఎదురు కొట్టు ఇస్త్రీ ఆయన ఒక కవరు పట్టుకొచ్చాడు. కూతురి కాలేజీ ఫీజట.

"మాస్టారూ, మీలాంటిదే ఒక చవక షేరు చెప్పండి. మీ అంత కాకపోయినా నాకూ ఓపికుంది."

బాబాయి కత్తెర కింద పెట్టాడు. నేను సూది ఆపేశాను.

"నాకు ఓపికెక్కడిదయ్యా! రోజూ అమ్ముదామనే చూశాను. కొనేవాడు దొరక్క ఆగాను."

"ఊరుకోండి, దిష్టి తగులుతుందని అలా అంటున్నారు."

"మీ పిల్ల ఫీజు కట్టేయన్నయ్యా," అంది పిన్ని మెట్ల మీద నుంచే. "ఎదురుచూసింది ఈయన కాదు, నా మోకాలు. కావాలంటే దాన్నడుగు."

ఇస్త్రీ ఆయన నవ్వబోయి, పిన్ని చేతికర్ర చూసి ఆగిపోయాడు. కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

షేర్లు అమ్మిన వారంలోనే పిన్నికి ఆపరేషన్ అయింది. చాలా ఆలస్యం చేశారని డాక్టరు అప్పుడే చెప్పాడు. ఆ కాలు ఆమె ఇప్పటికీ పూర్తిగా చాపలేకపోతోంది.