ఒళ్లో గుడ్ల అట్ట

నాకు రాయను రాదు. నేను చెప్తా ఉంటే మా కూతురు రాస్తా ఉండాది.

మా ఆయన పోయినాక ఆయన బండి మీదే ఊరి బయట అత్తిబెలె నుంచి సిటీలో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అంగళ్లకు గుడ్లు ఏస్తా ఉండాను. పోయినేడు మెకానిక్ ఇంజన్ కింద అదురు ఆపే మౌంటింగ్ రబ్బర్లు కొత్తవి ఏసె. ఆ పొద్దునుంచి బండి ఒకటే వణుకు. చేతులు తిమ్మిరెక్కేవి, గుడ్లు పగిలేవి. "రేపు కూడా పగిలినవి తెస్తే ఇంక రావద్దమ్మా" అనేసె అంగడాయన.

మెకానిక్ దగ్గరికి పోతి. ఆడ నలుగురు మొగోళ్లు టీ తాగతా ఉండారు.

"బండి బాగానే ఉండాదక్కా. మొగుడు లేనోళ్లకు ఒళ్లే వణుకుతాది" అనె వాడు. అందరూ నవ్విరి.

బండి మీద ఉండే ముప్పై గుడ్ల అట్ట తీసి వాడి చేతికిస్తి.

"ఇది ఒళ్లో పెట్టుకోని ఒక రౌండు కొట్టి రా అప్పా. ఒక్కటీ పగలకపోతే వణికేది నా ఒళ్లే అని ఒప్పుకుంటా."

పౌరుషానికి పోయె. తిరిగొచ్చేసరికి ప్యాంటంతా సొన కారతా ఉండాది. నన్ను చూసి నవ్వినోళ్లే "ఏమప్పా, ఆపుకోలేకపోయినావా?" అని వాణ్ణి ఎగతాళి చేసిరి. వాడి పెండ్లాం గూడా బయటికొచ్చి చూసె.

వాడు బండి ఇప్పి చూస్తే రబ్బర్లు వేరే బండివి, రాయి మాదిరి గట్టివి. వాడే మార్చిచ్చె.

పెండ్లాం ముందర అంత అవమానం చెయ్యకూడదమ్మా అంటాది మా కూతురు. నిజమేనేమో. ఆ పొద్దు అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మా ఆయన పోయినాక నేను నవ్వింది అదే మొదలు.