పాత చీటీ పక్కన

బోర్డు మీద రాసే అలవాటుతో నా అక్షరాలు పెద్దవిగా పడతాయి. చిన్నగా రాయమని నన్ను అడిగినవాడు ఒక్కడే. పేరు తెలియదు.

పలాస నుంచి టెక్కలి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నాడు. ఒళ్లో కవరు విప్పని కొత్త టైమింగు బెల్టు, ఇంజినులో వేసే రబ్బరు పట్టీ. ఆయన డీజిలు కారు టెక్కలి షెడ్డులో ఉందట.

"లక్ష కిలోమీటర్లు తిరిగిందా?" అన్నాను.

"సగం కూడా తిరగనేదు బాబూ. లచ్చ కిలోమీటర్లో అయిదేళ్లో, ఏది ముందొత్తే అప్పుడు మార్సాలన్నాడు మా మెకానిక్కు. మా ఇంటిదాన్ని కవిటి నుంచి పలాస ఆసుపత్రికి అందులోనే తెచ్చీవోడిని. అది పోయాక బండి తియ్యనేదు. నిలబెట్టీసినా రబ్బరు ముసిలిదైపోతాదట. తెగితే ఇంజినే పోతాది."

నా జేబులో పెన్ను చూసి, ఖాళీ స్టిక్కరు చేతికిచ్చాడు.

"నాకు రాత రాదు మేష్టారూ. మళ్లీ ఏ ఏడు మార్సాలో రాసీండి. పాతది మా ఇంటిదే రాసి స్టీరింగు పక్కన అంటించినాది."

పెన్ను ఆనించేలోగా నా మణికట్టు పట్టుకున్నాడు.

"సిన్నగా రాయండి. కత్తిరించీసి దాని పక్కనున్న జాగాలో అంటించాల. పాతది నాను పీకనేను."